వేలికి పెట్టే ఆక్సీమీటర్: ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో వాడి రాస్తున్న రివ్యూ

ఐదుకి నాలుగు స్టార్లు. తగ్గించిన ఆ ఒక్కటీ మీటరు తప్పు కొలిచిందని కాదు. దీన్ని తయారుచేసినవాళ్లు ఎనభై దాటిన మనిషి వేలిని, కంటిచూపుని ఎప్పుడైనా దగ్గరగా చూశారా అన్న అనుమానం నాకు ఇప్పటికీ తీరలేదు, అందుకు. కంపెనీ పేరు రాయడం లేదు. రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో వేలి దగ్గర కొలిచే ఈ క్లిప్పు మీటర్లన్నీ ఇంచుమించు ఒకే తీరున పనిచేస్తాయి కాబట్టి నేను చెప్పేది మీ ఇంట్లో ఉన్నదానికీ చాలావరకు వర్తిస్తుంది.

ఎవరి కోసం కొన్నామో ముందు చెప్పాలి. మామయ్యగారికి అప్పటికి ఎనభై ఒకటి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. అంకె కనబడితే పుస్తకంలోకి ఎక్కించకుండా ఉండలేరు. అత్తయ్యగారికి డెబ్బై ఆరు. బీపీ ఉంది, చేతులు కొంచెం వణుకుతాయి, పక్కింట్లో ఎవరు దగ్గినా ఆవిడకి గుండెదడ. మావారి ఉద్యోగం నలుగురిలో తిరిగేది కావడంతో కోవిడ్ రోజుల్లో ఆయన వేరే గదిలో ఉండేవారు. పెద్దవాళ్ల మందులు, స్నానాలు, డాక్టరుతో ఫోన్లు, రాత్రిపూట లేచి చూడటాలు, అన్నీ నా వాటాకే వచ్చాయి. ఇంటి నుంచి చేసే అకౌంట్సు పని ఒకపక్క సరేసరి. ఈ రివ్యూ అలాంటి మనిషి రాసిందనుకుని చదవండి, డాక్టరు రాసిందనుకుని కాదు.

కొనడానికి కారణం భయమే, కానీ ఊరికే పుట్టిన భయం కాదు. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ని మహమ్మారి అని ప్రకటించింది. ఆ తర్వాత కొన్నాళ్లకే డాక్టర్లు ఒక వింత సంగతి చెప్పడం మొదలుపెట్టారు. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయినా కొందరు ఆయాసమే లేకుండా, మామూలుగా మాట్లాడుకుంటూ ఆస్పత్రికి వస్తున్నారని. ఊపిరాడని బాధని ఎక్కువగా పుట్టించేది ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరగడం. అది బయటికి పోతూనే ఉంటే, ఆక్సిజన్ తగ్గుతున్నా మనిషికి పెద్దగా తెలియదు. పెద్దవాళ్లలో ఇది మరీ ప్రమాదం. వాళ్లు నడిచేదే తక్కువ, ఆయాసం వచ్చినా వయసు ఖాతాలో వేసేస్తారు. మామయ్యగారిని "ఎలా ఉంది మామయ్యా?" అని ఎప్పుడు అడిగినా జవాబు ఒక్కటే, "బానే ఉందమ్మా". ఆ "బానే" మీద ఇంటిని నడపడం నాకు ధైర్యం చాలక కొనిపించాను.

ఇది పనిచేసే తీరు కొంచెం తెలిస్తే దీని తిక్కలన్నీ అర్థమవుతాయి. క్లిప్పులో ఒకవైపు రెండు చిన్న దీపాలుంటాయి. ఒకటి 660 నానోమీటర్ల దగ్గరి ఎర్రకాంతి, రెండోది 940 దగ్గరి ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనపడదు. ఎదురువైపు సెన్సర్. ఆక్సిజన్ నిండిన రక్తం ఎర్రకాంతిని ఎక్కువగా పోనిస్తుంది, ఇన్‌ఫ్రారెడ్‌ని ఎక్కువ పీల్చుకుంటుంది. ఆక్సిజన్ లేని రక్తం దీనికి వ్యతిరేకం. వేలిలో చర్మం, ఎముక, గోరు కూడా కాంతికి అడ్డమే, కానీ గుండె కొట్టుకున్నప్పుడల్లా పెరిగి తగ్గేది ధమనుల్లో రక్తం. మీటరు ఆ పెరిగి తగ్గే భాగాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. ఈ ఉపాయం తకువో అయోయగి అనే జపాన్ ఇంజినీరుది. నిహోన్ కోడెన్ కంపెనీలో ఆయన వేరే పని మీద ఉన్నాడు: గుండె ఎంత రక్తం తోడుతోందో చెవి దగ్గర కాంతితో కొలవాలని. నాడి కొట్టుకోవడం వల్ల గీత చెదిరిపోయేది. ఆ చెదరడాన్ని వదిలించుకోబోయి, అందులోనే ఆక్సిజన్ లెక్క ఉందని పట్టేశాడు. 1974లో దాన్ని బయటపెట్టాడు. 2020 ఏప్రిల్‌లో, దేశదేశాల జనం ఈ మీటరు కోసం వెతుక్కుంటున్న రోజుల్లోనే, 84వ ఏట చనిపోయాడు. మామయ్యగారికి ఈ కథ చెబితే, "మేమూ అంతేనమ్మా, లైన్లో గరగర విని ఫాల్టు ఎక్కడుందో చెప్పేవాళ్లం" అన్నారు. మీటరు మీద ఆయనకి గౌరవం కుదిరింది ఆ రోజే.

అసలు సంగతేమిటంటే, వేలిలో నాడి బలంగా అందకపోతే మీటరుకి చేతికేమీ దొరకదు. అత్తయ్యగారి వేళ్లు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. మొదట్లో గీతలు తప్ప ఏమీ వచ్చేది కాదు, లేదంటే 88 అని చూపించి మన గుండె ఆగాక 94కి ఎక్కేది. చేతులు గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, తుడిచి, రుద్ది, ఛాతీ మీద ఆనించి పెట్టుకుంటే బుద్ధిగా 97 చూపించేది. వణుకు ఇంకో సమస్య. కదిలే వేలిని మీటరు నాడి అనుకుంటుంది. ఒళ్లో దిండు పెట్టి, ఆవిడ మణికట్టు నేను పట్టుకుంటే కుదిరింది. మామయ్యగారి గోళ్లు మందం, మధ్యవేలిలో అందని రీడింగు ఉంగరం వేలిలో అందేది.

కూర్చుని ఐదు నిమిషాలు విశ్రాంతి తీసుకున్నాకే కొలవాలి. గోళ్లరంగు ఉంటే తీసేయాలి. పెట్టాక కనీసం నిమిషం ఆగాలి. అంకె ఓ ఐదు సెకన్లు నిలకడగా ఉంటే అప్పుడు రాసుకోవాలి. క్లిప్పు పెట్టగానే వచ్చే అంకెని చూసి పరుగులు పెట్టిన ఇళ్లు ఎన్నో నాకు తెలుసు. తెర మీద నాడితో పాటు ఎగిరే చిన్న కడ్డీ గానీ అలల గీత గానీ ఉంటుంది. అది ఒక లయలో ఎగురుతుంటేనే పక్కనున్న అంకెకి విలువ. గుండె లయ తప్పే జబ్బున్నవాళ్లకి ఆ గీత ఎలాగూ సమంగా ఉండదు, వాళ్ల విషయం డాక్టర్నే అడగాలి.

తలకిందుల సంగతి మాత్రం ఏ డబ్బా మీదా రాయరు. సన్నటి గీతలు పేర్చినట్టుండే ఈ తెర అంకెల్లో 98ని ఎదురుగా కూర్చుని తలకిందులుగా చూస్తే 86. 89 అయితే 68. 96, 88 మాత్రం ఎటునుంచి చూసినా మారవు. పెద్దవాళ్ల వేలికి పెట్టేటప్పుడు మనం ఎదురుగానే కూర్చుంటాం కదా, తెర వాళ్లవైపు తిరిగి ఉంటుంది. 98ని 86గా చదివితే భయంతో పోతుంది, మళ్లీ కొలుస్తాం. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది రెండోవైపు: నిజంగా 86 ఉన్నప్పుడు ఎదుటివాళ్లకి హాయిగా 98 కనిపిస్తుంది. బటన్ నొక్కితే తెర తిరిగే మోడళ్లు ఉన్నాయి. మిగతావి ఏమున్నా లేకున్నా అది ఉన్నదే కొనండి.

ఇంకో గందరగోళం, ఒకే తెర మీద రెండు అంకెలు. ఒకరోజు అత్తయ్యగారు కళ్లజోడు లేకుండా చూసి, "అమ్మాయ్, నాకు డెబ్బై రెండే ఉంది, ఇంక అయిపోయింది" అని మంచం మీద వాలిపోయారు. ఆ డెబ్బై రెండు నాడి. ఆక్సిజన్ 97. శాతం గుర్తున్నది ఆక్సిజన్, గుండె బొమ్మ ఉన్నది నాడి, కానీ ఆ గుర్తులు చీమ తలకాయంత. నేను ఆక్సిజన్ అంకె పక్కన ఎర్ర స్టిక్కరు ముక్క అంటించాను. కంపెనీ చేయాల్సిన పని అది. వాడే విధానం రాసిన కాగితం సంగతి సరేసరి, నా కళ్లకే భూతద్దం కావాలి. వేలు తీసిన కొన్ని సెకన్లకే ఆరిపోతుంది, మామయ్యగారు పెన్ను మూత తీసేలోపు అంకె మాయం. నాడితో పాటు వచ్చే కీచుమనే శబ్దం ఇంకో నస. మాదాన్లో బటన్ని నొక్కిపట్టి ఉంచితే దాన్ని ఆపేయొచ్చని ఆ కాగితంలోనే చివరెక్కడో ఉంది. ఆపేశాక అత్తయ్యగారి నాడి కూడా కొంచెం తగ్గింది, నేను జోకు వేయడం లేదు.

ఇక్కడే నేను అసలు చెప్పాలనుకున్నది మొదలవుతుంది. ఒకే మీటరు మా ఇంట్లో ఇద్దరి మీద రెండు రకాలుగా పనిచేసింది. మామయ్యగారికి అది పని కల్పించింది. బయటికి వెళ్లలేని, స్నేహితులు రాని రోజుల్లో ఉదయం, సాయంత్రం చేయవలసిన పని ఒకటి దొరికింది. గళ్లు గీసుకుని తేదీ, టైము, ఆక్సిజన్, నాడి, జ్వరం అన్నీ రాసేవారు. అత్తయ్యగారికి అదే మీటరు టెన్షన్ మిషన్ అయింది. టీవీలో ఒక వార్త రాగానే వేలు పెట్టుకునేవారు. 97 నుంచి 96 అయితే "తగ్గుతోంది" అనేవారు, 96 నుంచి 97 అయితే మీటరు పాడైందనేవారు. ఒకటి రెండు అంకెల తేడా ఈ మీటర్లకి సహజం. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కలేదు. చివరికి మీటరుని ఆవిడ చేతికందే చోటు నుంచి తీసేశాను. రోజుకి రెండుసార్లే కొలుస్తాం, టీవీ ఆపి కొలుస్తాం, తెర నావైపు తిప్పుకుంటాం. అంకె అడిగితే నిజమే చెబుతాను, అడగకపోతే "బాగుంది అత్తయ్యా" అంటాను. అడగడం ఆవిడే మానేశారు.

కొనబోయే ముందు దీన్ని ఆలోచించుకోండి. ఇంట్లో ఎవరి స్వభావం ఏమిటి, అంకె ఎవరు చూడాలి, ఎన్నిసార్లు చూడాలి, ఎంతకి తగ్గితే ఎవరికి ఫోన్ చేయాలి. ఇవి తేల్చుకోకుండా కొంటే ఇంటికి ఆందోళన తెచ్చుకున్నట్టే. 2021 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సలహా కూడా ఇలాగే ఉంది. లక్షణాలుండి, జబ్బు ముదిరే ప్రమాదమున్న కోవిడ్ రోగులు ఇంట్లో ఆక్సీమీటరు వాడొచ్చని చెబుతూనే, మనిషికి నేర్పడం, వైద్యుల వైపు నుంచి కనిపెట్టుకుని ఉండటం కూడా అందులో భాగంగా ఉండాలని చెప్పింది. మీటరు ఒక్కటే చాలదని దాని అర్థం.

మా డాక్టరుగారు ఫోన్‌లోనే హద్దులు చెప్పారు, నేను పెద్ద అక్షరాలతో రాసి బీరువా తలుపుకి అంటించాను. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ కోవిడ్ రోగుల ఇళ్లకి మీటర్లిచ్చినప్పుడు పెట్టిన హద్దులూ దాదాపు అవే. 95, ఆపైన ఉంటే మామూలు. 93, 94 వస్తే చెయ్యి వెచ్చబెట్టి మళ్లీ కొలవాలి, అలాగే ఉంటే డాక్టరుకి చెప్పాలి. 92, అంతకన్నా తక్కువ నిలిస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రి. బయటి ఆక్సిజన్ లేకుండా 90 కంటే తగ్గితే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది తీవ్రమైన కోవిడ్. అయితే ఈ హద్దులు అందరివీ కావు. ఏళ్ల తరబడి పొగ తాగో మరెందుకో ఊపిరితిత్తులు దెబ్బతిని సీవోపీడీ అనే జబ్బు ఉన్న కొందరికి డాక్టర్లు 88 నుంచి 92 మధ్యే ఉంచాలని చూస్తారు. అలాంటి మనిషికి నా బీరువా తలుపు కాగితం పనికిరాదు. అందుకే అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే కొన్నాళ్లు కొలిచి, ఎవరి మామూలు అంకె ఏదో రాసిపెట్టుకోవాలి.

కచ్చితత్వం గురించి అమ్మేవాళ్లు చెప్పేది సగమే. అమెరికాలో మందులకి, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2021 ఫిబ్రవరిలో జనానికి ఒక హెచ్చరిక ఇచ్చింది. తమ అనుమతి పొందిన మీటరు 90 చూపిస్తే రక్తంలో అసలు లెక్క సాధారణంగా 86 నుంచి 94 మధ్య ఎక్కడైనా ఉండొచ్చని. అనుమతి పొందినదానికే అంత వెసులుబాటు. చర్మం రంగు ముదురైతే మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉంది. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో అమెరికాలోని మిషిగన్ పరిశోధకులు లెక్క చూపారు: మీటరు 92 నుంచి 96 చూపించినప్పుడు, రక్తపరీక్షలో 88 కంటే తక్కువ తేలినవి నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవాళ్లలో 3.6 శాతం. చామనఛాయకు మించిన రంగున్న మనలాంటివాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. పొగ తాగేవాళ్ల రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటే దాన్ని కూడా ఈ మీటరు ఆక్సిజన్ కిందే జమ వేస్తుంది. అందువల్ల నేను ఒక అంకెని నమ్మడం మానేసి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడాని చూడటం అలవాటు చేసుకున్నాను. నిలకడగా 98 ఉండే మనిషికి 95 రావడం, ఎప్పుడూ 95 ఉండే మనిషికి 95 రావడం ఒకటి కాదు.

ఇది మామయ్యగారి విషయంలో నిజంగా పనికొచ్చింది. ఆయనకి కోవిడ్ వచ్చినప్పుడు జ్వరం లేదు, దగ్గు లేదు. మొదట కనిపించింది పుస్తకంలో. తేదీ తప్పు రాశారు. నాడి గడిలో ఆక్సిజన్, ఆక్సిజన్ గడిలో నాడి. నలభై ఏళ్లు రిజిస్టర్లు రాసిన మనిషి, కొట్టివేత అంటే చిన్నతనంగా భావించే మనిషి. అడిగితే "ఎవరో మార్చేశారు" అన్నారు. పెద్దవాళ్లలో ఉన్నట్టుండి వచ్చే ఈ మతిస్థిమితం లేని స్థితి కోవిడ్ లక్షణమే కావచ్చని అప్పటికే తెలుస్తోంది. అమెరికాలో 65 దాటి, కోవిడ్‌తో అత్యవసర విభాగాలకి వచ్చిన 817 మందిని పరిశీలిస్తే 28 శాతం మందిలో ఇది కనిపించింది. వాళ్లలో కొందరికి జ్వరం, ఆయాసం లాంటివేవీ లేవు. ఆ పొద్దున ఆయన రీడింగు 95. మీటరు ఒక్కటే ఉంటే నేను ఊరుకునేదాన్ని. పాత పేజీలు తిరగేస్తే 97, 98 తప్ప వేరే అంకె లేదు.

టెస్టు చేయించాం, పాజిటివ్. డాక్టరుగారు ఊపిరి లెక్కపెట్టమన్నారు. లెక్కపెడుతున్నట్టు మనిషికి తెలిస్తే ఊపిరి మారిపోతుంది, అందుకని నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో నిమిషం పాటు చూశాను. మామూలుగా పెద్దవాళ్లకి 12 నుంచి 20 ఉండాలి, 30 దాటితే తీవ్రమైన జబ్బు కింద లెక్క. ఆయనది ఇరవై దాటింది. ఆక్సిజన్ ఆ సాయంత్రానికి 94, మర్నాడు పొద్దున 92. ఫోన్‌లో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "నిన్న ఇదే టైముకి ఎంత ఉంది? అంతకుముందు మామూలుగా ఎంత ఉండేది?" పుస్తకం ముందుంది కాబట్టి జవాబు చెప్పడానికి నేను తడుముకోలేదు. ఆస్పత్రిలో చేర్చాం. ఆక్సిజన్ పెట్టారు, స్టెరాయిడ్ ఇచ్చారు, తిరిగి ఇంటికొచ్చారు.

స్టెరాయిడ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఆయన ఇంట్లో ఉండగానే ఒక బంధువు ఫోన్ చేసి, "ముందే స్టెరాయిడ్ మొదలెట్టెయ్యండి, మావాళ్లకి అదే పనిచేసింది" అని ఒకటే పోరు. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ అనే మందుల పరీక్ష తేల్చిందేమిటంటే, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వల్ల వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు దాదాపు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజనే అవసరంలేనివాళ్లకి మాత్రం మేలు కనిపించలేదు. అంటే ఆ మందు ఎవరికి అన్నది తేల్చడంలోనూ ఆక్సిజన్ అంకె ఉంది. బంధువుతో వాదించడానికి నాకు ఈ ఒక్క ముక్క చాలింది.

నడిపించి కొలిచే పద్ధతి గురించి కూడా అందరూ అడుగుతారు. కూర్చున్నప్పుడు బాగున్నా, కొద్దిగా శ్రమపడగానే ఆక్సిజన్ పడిపోవచ్చు. కుర్చీలోంచి నిమిషం పాటు లేచి కూర్చోవడమో, గదిలో కొంత నడవడమో చేయించి, మూడు శాతమో అంతకన్నా ఎక్కువో తగ్గితే డాక్టరుకి చెప్పమంటారు. కానీ కాళ్లు తూలే మనిషితో, ఇంట్లో ఒక్కళ్లే ఉండి, ఇది చేయించకండి. ఊపిరితిత్తుల సంగతేమో గానీ తుంటి ఎముక విరుగుతుంది. మామయ్యగారితో చేయించాను, అత్తయ్యగారి జోలికి పోలేదు.

ఆయన ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ అత్తయ్యగారి ఆక్సిజన్ చక్కగా 97. మనిషి మాత్రం చిక్కిపోయారు. నిద్ర లేదు, ఎవరితోనూ మాట లేదు. దీన్ని కొలిచే క్లిప్పు ఏ షాపులోనూ లేదు. ఆవిడ చెల్లెలు, అంటే మావారి పిన్నిగారు, రోజూ ఒకే వేళకి ఫోన్ చేయడం మొదలుపెట్టారు. జబ్బు ఊసు ఎత్తకూడదన్నది ఆవిడే పెట్టిన షరతు. చిన్నప్పటి పోట్లాటలు, ఎవరి పెళ్లిలో ఎవరు అలిగారు, అవే కబుర్లు. ఆ వేళకి పావుగంట ముందే అత్తయ్యగారు జడ వేసుకుని ఫోన్ పక్కన కూర్చునేవారు. తర్వాత జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో 2021లో వచ్చిన ఒక అధ్యయనం గురించి చదివాను. టెక్సస్‌లో ఇంటికి భోజనం అందించే సేవ మీద ఆధారపడ్డ 240 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి 17 నుంచి 23 ఏళ్ల మామూలు కుర్రవాళ్ల చేత నాలుగు వారాలు ఫోన్లు చేయించారు. మాట్లాడించి వినడమే వాళ్ల పని. ఒంటరితనం, దిగులు, ఆందోళన మూడూ ఆ జట్టులో తగ్గాయి. పిన్నిగారికి చెబితే "దీనికి కూడా చదువు కావాలా" అన్నారు.

ఇక చూసుకునేవాళ్ల సంగతి. రాత్రి పన్నెండుకి, రెండుకి, నాలుగుకి వెళ్లి నిద్రపోతున్న మనిషి వేలికి క్లిప్పు పెట్టాలనిపిస్తుంది. నిద్రలో ఆక్సిజన్ కాస్త తగ్గడం మామూలే, గురక జబ్బున్నవాళ్లకి ఇంకా తగ్గుతుంది. ఆ అంకె చూసి మనం తెల్లవార్లూ జాగారం, వాళ్లకి నిద్రాభంగం. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప రాత్రి కొలతలు వద్దని మా డాక్టరే కోప్పడ్డారు. "పొద్దున్న కొలవడానికి నీకు ఓపిక ఉండాలి కదమ్మా" అన్నారు. ఆ మాట విన్నాక నేను పడుకోగలిగాను.

కొనేవాళ్లకి మిగిలినవి. బటన్ నొక్కితే తిరిగే తెర, చీకట్లోనూ కనపడే పెద్ద అంకెలు, నాడి బలం చూపించే గీత, ఇవి చూడండి. ఫోన్‌కి కలిసే బ్లూటూత్ మా ఇంట్లో ఎవరికీ అక్కరకు రాలేదు, మామయ్యగారి పుస్తకమే నయం. కెమెరా మీద వేలు పెడితే ఆక్సిజన్ చెబుతామనే ఫోన్ యాప్‌లని పెద్దవాళ్ల విషయంలో నమ్మకండి. చేతిగడియారాల్లో వచ్చే రీడింగు సరదాకి సరే, ఆస్పత్రికి వెళ్లాలా వద్దా అని దాన్ని అడగకూడదు. కొన్నాక ముందు మీ వేలికి పెట్టుకుని, ఆస్పత్రికి వెళ్లినప్పుడు అక్కడి మీటరుతో ఒకసారి పోల్చి చూసుకోండి. ఒకరి నుంచి ఒకరికి మార్చేటప్పుడు లోపలి మెత్తటి భాగాన్ని స్పిరిట్ దూదితో తుడవాలి, తడి ఆరాకే వేలు పెట్టాలి. పెద్దవాళ్ల చర్మం పలచన కాబట్టి క్లిప్పుని గంటల తరబడి ఉంచేయకండి. రెండు సన్న పెన్సిల్ బ్యాటరీలు పడతాయి, వాడకుండా పక్కన పెట్టేటట్టయితే తీసేయండి, కారి లోపల తుప్పు పట్టిస్తాయి.

ఇద్దరు పెద్దవాళ్లుంటే రెండు కొనాలా అని నన్ను చాలామంది అడిగారు. అందరూ బాగున్నంతకాలం ఒకటి చాలు. ఒకరిని వేరే గదిలో ఉంచాల్సి వచ్చిన రోజున మాత్రం ఆ మీటరు, ఆ థర్మామీటరు, ఆ పెన్ను కూడా ఆ గదిలోనే ఉండిపోవాలి. మాకు రెండోది అప్పటికప్పుడు దొరక్క, పక్కింటివాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్నాం. వాళ్లదాన్లో తెర తిరగదు.